ముందు బొమ్మలు కాదు, మాటల బుడగలు చూడండి

ప్రశ్న: కామిక్స్‌లో, గ్రాఫిక్ నవలల్లో గ్రాఫిక్ డిజైన్ మూలసూత్రాలను విశ్లేషించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మాటల బుడగల దగ్గర, అంటే పాత్రల మాటలు రాసే గుండ్రటి ఆకారాల దగ్గర. సమతుల్యత, కాంట్రాస్ట్, లయ అంటూ పాఠాల్లో చెప్పే జాబితాను కాసేపు పక్కన పెట్టండి. పేజీలో చూపు ఏ దారిన నడుస్తుందో పట్టుకోకపోతే ఆ జాబితా ఎందుకూ కొరగాదు. ఆ దారి వేసేవి బుడగలే. నా సొంత పేజీ ఒకటి చెడిపోయాకే ఈ సంగతి నాకు తెలిసివచ్చింది.

కొన్నేళ్ల క్రితం 8 పేజీల కథ గీశాను. మూడో పేజీలో తండ్రీ కూతుళ్లు మెట్ల మీద ఉంటారు. కూతురు "అమ్మ ఎప్పుడు వస్తుంది?" అని అడుగుతుంది. తండ్రి "తలుపు వేసుకో" అంటాడు. అతను జవాబు దాటవేయడమే ఆ పేజీకి ప్రాణం. తండ్రిని ఎడమవైపు పై మెట్టు మీద, కూతురిని కుడివైపు కింది మెట్టు మీద నిలబెట్టి, ఎవరి బుడగ వారి తలపైన పెట్టాను. మెట్ల చెక్కలోని చారలు కూడా ఓపికగా గీశాను. మా చెల్లెలికి ఇచ్చి పైకి చదవమంటే ముందు "తలుపు వేసుకో" అని, తర్వాత "అమ్మ ఎప్పుడు వస్తుంది?" అని చదివి పేజీ తిప్పేసింది. తండ్రి ఏదో పని చెబితే పిల్ల మాట మార్చిందని అర్థం చేసుకుంది. నా కథలో మాట దాటేసింది తండ్రి కాదు, పిల్ల అయిపోయింది!

కూతురి అక్షరాలు పెద్దవి చేసి చూశాను, లాభం లేకపోయింది. చివరికి పేజీ మీద ట్రేసింగ్ కాగితం పరిచి, బొమ్మలన్నీ వదిలేసి, బుడగల ఆకారాలు మాత్రం దించి, చెల్లెలు చదివిన వరుసలో పెన్సిలుతో గీత కలిపాను. గీత ఎడమ పై మూలనుంచి నేరుగా తండ్రి మాట మీద పడుతోంది. అంతే, ఆ బొమ్మ ఉన్న గడి (ప్యానెల్) మొత్తం చెరిపేశాను. కూతురిని ఎడమవైపు పైకి తెచ్చాను. తండ్రిని కుడివైపు కిందికి దించి, మనవైపు వీపు పెట్టించాను. అతని బుడగను గడి అడుగు అంచుకు ఆనించి, రెండు మాటల మధ్య ఏమీ లేని గోడను వదిలాను. ఈసారి చెల్లెలు ప్రశ్న చదివి, ఆ గోడ దగ్గర క్షణం ఆగి, అప్పుడు జవాబు చదివింది. ఖాళీ స్థలం అంటే ఏమిటో నాకు ఆ క్షణంలోనే బోధపడింది.

అందుకే మీకు నచ్చిన పేజీ ఏదైనా తీసుకుని ముందు ఆ కాగితం పరచండి. కుడినుంచి ఎడమకు చదివే జపాను కామిక్స్, అంటే మాంగాలో ఆ గీత అటునుంచి ఇటు నడుస్తుంది. మిగతా లెక్క అంతా అదే.

గడుల కొలతలు ఆ తర్వాత చూడండి. 1955లో అచ్చయిన 'మాస్టర్ రేస్' కామిక్ కథను అమెరికన్ చిత్రకారుడు బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్‌కు 6 పేజీల్లో గీయమని ఇచ్చారు. ఆయన 12 అడిగాడు, 8 దక్కాయి. దాంతో గడులను సన్నని నిలువు ముక్కలుగా కోసి, మనిషి రైలు పట్టాల మీద పడే క్షణాన్ని సాగదీశాడు. గడి వెడల్పే అక్కడ గడియారం. 1986లో మొదలైన 'వాచ్‌మెన్' కామిక్‌లో చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ పేజీకి 9 గడుల చట్రాన్ని సంచిక తర్వాత సంచికగా పట్టుకుని, ఆఖరిదైన 12వ సంచిక మొదట్లో నిండు పేజీ బొమ్మలు వరుసగా పరిచాడు. చిన్న గడులకు అలవాటుపడిన కంటికి ఆ పేజీలు గుండె మీద దెబ్బలా తగులుతాయి. మొదటినుంచీ పెద్ద బొమ్మలే వేసి ఉంటే ఆ బలం వచ్చేదే కాదు. పేజీకో భారీ బొమ్మ పెట్టి దాన్నే గొప్ప డిజైన్ అనుకునేవారితో నాకు ఎప్పుడూ పేచీయే. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే పక్కన వ్యాఖ్యానం పెట్టెలో మళ్లీ రాసే రచయితలతో అంతకంటే పెద్ద పేచీ.

తెలుగులోకి తెచ్చే కామిక్స్ సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు బుడగల్లో మామూలుగా అన్నీ పెద్ద అక్షరాలే. పైకి లేచేవి, కిందికి దిగేవి ఉండవు కాబట్టి వరుసలు దగ్గరగా పేర్చినా ఇబ్బంది లేదు. మనకు పైన గుడులు, కింద వత్తులు. అదే బుడగలో అదే ఎడంతో తెలుగు నింపితే పై వరుసలోని 'లక్ష్మి' వత్తులు వచ్చి కింది వరుసలోని 'నీ' గుడిదీర్ఘం మీద కూర్చుంటాయి. అప్పుడు అక్షరాలను కుదించేస్తారు, బుడగను మాత్రం ముట్టుకోరు. మాటలు ముందు రాసి, వాటి చుట్టూ బుడగ గీయాలి. అనువాదమైనా సరే, బుడగను మళ్లీ గీయాల్సిందే.