నాన్న పేరిట పాసుబుక్కు, పడని మామిడి సబ్సిడీ: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి తోట నాన్న పేరిట ఉంది, ఆయన 2024లో పోయారు. 2025 సీజన్‌లో నేనే 9 టన్నుల కాయ ఫ్యాక్టరీకి తోలాను. ప్రభుత్వం ఇస్తామన్న కిలోకు 4 రూపాయలు పక్క తోటల వాళ్లకు పడ్డాయి, మాకు పడలేదు. అడిగితే భూమి పాసుబుక్కు చనిపోయిన మనిషి పేరిట ఉంది, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. ఫ్యాక్టరీ కూడా ప్రభుత్వం ప్రకటించిన కిలోకు 8 రూపాయలకు బదులు 5 లెక్కనే కట్టింది. ఇంట్లో అమ్మ, పెళ్లయిన అక్క ఉన్నారు. ఏం చేయాలి?

జవాబు: కోర్టు మాట పక్కన పెట్టి ముందు రెండు తేదీలు చూడండి. నాన్నగారు పోయింది 2024లో, కాయ తోలింది 2025లో. మీ కేసంతా ఇక్కడే ఉంది. సక్సెషన్ సర్టిఫికెట్ అనేది 1925 నాటి భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద, చనిపోయినవారికి రావాల్సిన బాకీలు, డిపాజిట్లు వసూలు చేసుకోవడానికి కోర్టు ఇచ్చే కాగితం. మీ 36,000 రూపాయలు ఆయనకు రావాల్సిన బాకీ కాదు, ఆయన పోయాక కాసిన కాయకు, దాన్ని తోలిన మీకు రావాల్సిన డబ్బు. దీనికోసం మిమ్మల్ని నెలల తరబడి కోర్టు చుట్టూ తిప్పడం అన్యాయం.

అయితే తోట ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని ఆఫీసు అడగడంలో తప్పు లేదు. దానికి నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డబ్బు మీ ఖాతాలో వేయడానికి అభ్యంతరం లేదని అమ్మ, అక్క సంతకాలు పెట్టిన కాగితం ఇవ్వండి. అక్కకు పెళ్లయిపోయింది కదా అని వదిలేయకండి, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకెంత వాటా ఉందో ఆమెకూ, అమ్మకూ అంతే ఉంది. పనిలో పనిగా మ్యుటేషన్‌కు, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పుకు కూడా దరఖాస్తు పెట్టేయండి, లేకపోతే వచ్చే సీజన్‌లో మళ్లీ ఇదే టెన్షన్.

ఇంకోటి, నాన్నగారి బ్యాంకు పాసుబుక్కు ఎంట్రీ వేయించండి. పాత వివరాల ప్రకారం డబ్బు ఆయన ఖాతాలోనే పడి ఉండొచ్చు. పడి ఉంటే మాత్రం ఆయన ఏటీఎం కార్డుతో దయచేసి తీయకండి, చనిపోయారని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి క్లెయిమ్ పెట్టండి. నామినీగా అమ్మ పేరుంటే పని సులువు, కానీ నామినీ ఆ డబ్బును వారసులందరి తరఫున తీసుకుంటుందే తప్ప అది ఆమె ఒక్కదానిదే అయిపోదు. అక్కడా పడకపోతే, మీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు లింక్ అయి ఉందో కనుక్కోండి, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాకు డబ్బు వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ చూశాకే ఉద్యాన శాఖకు అర్జీ. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబు వస్తుంది. రాసివ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి, సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో కూడా ఇచ్చి నంబరు తీసుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద రెండే అడగండి: జాబితాలో మా పేరుందా, లేకపోతే ఏ నిబంధన ప్రకారం తీసేశారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబులో పసలేదనిపిస్తే హైకోర్టులో రిట్ వేయొచ్చు, అప్పుడు ఈ కాగితాలే మీకు బలం.

ఫ్యాక్టరీ సంగతి వేరు, దాన్ని సబ్సిడీతో కలపకండి. కిలోకు 3 చొప్పున 27,000 తేడా. చీటీ మీదో బిల్లు మీదో 8 అని ఉంటే గట్టిగా అడగొచ్చు. 5 అని రాసి ఉండి మీరు సంతకం పెట్టి ఉంటే కష్టమే, ప్రభుత్వం 8 అని ప్రకటించింది కదా అన్న ఒక్క మాట మీద దావా గెలుస్తామని నేను మీకు ఆశ పెట్టలేను. దావాకు గడువు సరుకు అప్పగించిన రోజు నుంచి 3 ఏళ్లు. దానికన్నా ముందు చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు పిలిపించండి. అమ్మ కూడా వారసురాలే కాబట్టి ఆమెతోనూ సంతకం చేయించండి, 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం.

ఆ కాటా చీటీలు ఎక్కడున్నాయో ఈరోజే వెతకండి. మొన్న ఒక రైతు తెచ్చిన చీటీ చొక్కా జేబులో చెమటకు తడిసి, ఎండకు ఆరి పూర్తిగా తెల్లబడిపోయింది, తూకం అంకెల్లో ఒక్కటీ కనబడలేదు. మీవి జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.