పాఠకుల ప్రశ్నలు: సంకీర్ణానికి రాజ్యాంగం మార్చే బలం ఉంటుందా?

ప్రశ్న: 2024లో ఎన్డీయే 293 సీట్లు గెలిచింది. అందులో మన టీడీపీవి 16. జమిలి ఎన్నికల బిల్లు పెట్టిన రోజు ఓటింగ్‌లో కూడా నెగ్గారు. ఇక ఆ బిల్లు పాసైనట్టే కదా?
- ఒక రిటైర్డ్ టీచర్, రాజాం

జవాబు: కాదండి. అది రాజ్యాంగ సవరణ బిల్లు. ప్రభుత్వం నిలబడే లెక్క వేరు, రాజ్యాంగాన్ని సవరించే లెక్క వేరు. 368వ అధికరణ ప్రకారం రెండు సభల్లోనూ విడివిడిగా రెండు షరతులు తీరాలి. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఓటేయాలి, లోక్‌సభలో అది 272. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది కూడా అటే ఉండాలి. 543 మందీ ఓటేస్తే 362 కావాలి.

2024 డిసెంబర్ 17న బిల్లుకు అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు కాబట్టి గట్టెక్కింది. అదే ఆమోదం కోసం జరిగిన ఓటింగైతే పోలైన 467లో 312 రావాలి. అంటే 43 తక్కువ. 272 కూడా దాటలేదు. ఆ తర్వాత బిల్లు సంయుక్త కమిటీకి వెళ్లింది.

మామూలు బిల్లు రెండు సభల మధ్య ఇరుక్కుంటే ఉమ్మడి సమావేశం పెట్టి నెగ్గించుకోవచ్చు. సవరణ బిల్లుకు ఆ దారి లేదు. పైగా కూటమికంటూ విప్ (ఎలా ఓటేయాలో చెప్పే ఆదేశం) ఉండదు, ఏ పార్టీ విప్ ఆ పార్టీ ఎంపీలకే. కాబట్టి ముందు మిత్రపక్షాలను, ఆ తర్వాత ప్రతిపక్షాన్నీ ఒప్పించాల్సిందే.

ఇది సంకీర్ణానికి లోపమని మేం అనుకోం. 1989లో రాజీవ్ గాంధీకి లోక్‌సభలో 400కు పైగా సభ్యులున్నా, పంచాయతీల కోసం తెచ్చిన 64వ సవరణ బిల్లు రాజ్యసభలో ఓడిపోయింది. సొంత మెజారిటీ లేని పీవీ ప్రభుత్వం అదే విషయాన్ని సంయుక్త కమిటీకి పంపి, అందరితో మాట్లాడి, 1992 డిసెంబర్‌లో 73వ సవరణగా నెగ్గించింది. ఐదేళ్లకోసారి పంచాయతీ ఎన్నికలు జరపాలన్నా, మూడోవంతుకు తగ్గకుండా సీట్లు ఆడవాళ్లకు కేటాయించాలన్నా ఆధారం ఆ సవరణే.

ప్రశ్న: మా పరపతి సంఘానికి ఎన్నికలు పెట్టడం లేదు. 97వ సవరణ చూపించి అడగొచ్చా?
- ఒక రైతు, నరసన్నపేట

జవాబు: దాని మీద ఆధారపడకండి. సహకార సంఘాల గురించి 2011లో యూపీఏ ప్రభుత్వం పార్లమెంటులో నెగ్గించిన ఈ సవరణ 2012 ఫిబ్రవరి 15న అమల్లోకి వచ్చింది. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలోవి. కనుక కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి ఒప్పుకోవాలి. ఆ మెట్టు ఎక్కకుండానే చట్టం చేసేశారు. అందుకే రాష్ట్ర పరిధిలోని సంఘాలకు సంబంధించిన భాగాన్ని సుప్రీంకోర్టు 2021 జూలై 20న కొట్టేసింది. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకే అది మిగిలింది. పార్లమెంటులో ఎన్ని ఓట్లొచ్చినా ఒక మెట్టు వదిలేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

మీ సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసి ఏ చట్టం కింద నమోదైందో ముందు చూడండి. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టమైతే జిల్లా సహకార అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఎన్నికైన పాలకవర్గం బదులు పర్సన్ ఇన్‌ఛార్జిని పెట్టి ఉంటే, నియమించిన ఉత్తర్వు, గడువు పొడిగించిన ఉత్తర్వులు సమాచార హక్కు కింద అడగండి. వాటిలో తేదీలే ముఖ్యం. లాయరు మొదట అడిగేవి అవే.

ప్రశ్న: మంత్రుల సంఖ్యకు పరిమితి పెట్టింది ఏ సవరణ?
- గ్రూప్స్ అభ్యర్థి, బొబ్బిలి

జవాబు: 91వది, 2003లో, వాజ్‌పేయి సంకీర్ణ ప్రభుత్వ హయాంలో. మంత్రులు సభ సంఖ్యలో 15 శాతం దాటకూడదు. మన శాసనసభలోని 175 మందికి లెక్క 26.25, అంటే 26. ముఖ్యమంత్రి ఈ 26లోనే, విడిగా కాదు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. చిన్న రాష్ట్రాల్లో 12కు తగ్గకూడదన్నదీ గుర్తుంచుకోండి.