‘పసుపు నీలం’ అనవచ్చా?

సందేహం: మా అబ్బాయికి శ్రీకాకుళంలో పుష్యరాగం ఉంగరం చేయించాం. రాయితో పాటు ఇచ్చిన పరీక్ష పత్రంలో ‘ఎల్లో సఫైర్’ అని ఉంది. సఫైర్ అంటే నీలం కదా, మరి ఇది పసుపు నీలమా? మా బంధువు ఒకాయన పుష్యరాగమంటే టోపజ్ అంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం: పత్రంలో ఉన్నదీ సరే, మీరు పుష్యరాగం అన్నదీ సరే. ‘పసుపు నీలం’ అని మాత్రం అనకండి, ‘ఎర్ర పచ్చ’ అన్నట్టుంటుంది.

మన పెద్దలు రత్నాలకు వన్నె చూసి పేరు పెట్టారు. ఎర్రనిది కెంపు, నీలిది నీలం, పసుపుపచ్చనిది పుష్యరాగం. ఖనిజశాస్త్రం పదార్థాన్ని చూస్తుంది. దాని లెక్కలో ఇవన్నీ అల్యూమినియం ఆక్సైడే, పేరు కోరండం. స్వచ్ఛమైన కోరండానికి రంగే ఉండదు. పిసరంత క్రోమియం చేరితే కెంపవుతుంది, ఇనుమూ టైటానియమూ కలిసి చేరితే నీలమవుతుంది. ఎర్రనిదాన్ని రూబీ అని విడదీసి, మిగిలిన రంగులన్నిటినీ సఫైర్ అన్నారు. అందుకే ఇంగ్లీషులో ఎల్లో సఫైర్ చెల్లుతుంది. తెలుగులో నీలం రాయి పేరూ, రంగు పేరూ కూడా. దాని ముందు పసుపు చేరిస్తే అర్థం నిలవదు. అన్నట్టు, కోరండం అన్న మాట మన దక్షిణాదిదే. తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం.

మీ బంధువు మాటనూ కొట్టిపారేయలేం. టోపజ్‌నూ పుష్యరాగమనే అమ్ముతుంటారు. కానీ అది వేరే ఖనిజం. మోస్ కొలమానంలో కోరండం కాఠిన్యం 9, టోపజ్‌ది 8. ధరలో తేడా ఇంతకంటే చాలా ఎక్కువ. ఈ చిక్కు పోవడానికే సఫైర్‌ను కనక పుష్యరాగం అంటారు. రసీదులో ఆ మాట రాయించుకోండి. కొందరు పుష్పరాగం అని రాస్తారు, అదీ తప్పు కాదు.

ఇక నీలం సంగతి. సంస్కృతంలో ఈ మాట నలుపునూ చెబుతుంది. ‘కృష్ణే నీలాసిత శ్యామ’ అంటూ అమరకోశం దీన్ని నలుపు పర్యాయపదాల్లోనే చేర్చింది. నీలవేణి జడ నల్లనిదే కదా! శనిని ‘నీలాంజన సమాభాసం రవిపుత్రం యమాగ్రజం’ అని స్తుతిస్తాం, అంటే కాటుక వంటి మేనిఛాయ కలవాడని. ఆయనకు ఈ రాయిని కేటాయించడం ఆ నల్లని ఛాయను బట్టేనని నా అభిప్రాయం. అరసవల్లి మీకు దగ్గరే కాబట్టి మరో ముచ్చట. నవరత్నాల్లో సూర్యుడిది మాణిక్యం, అంటే కెంపు. ఆయన కొడుకు శనిది నీలం. జ్యోతిషంలో ఆ తండ్రీకొడుకులు శత్రువులు, వాళ్ల రాళ్లు మాత్రం ఒకే ఖనిజం.

ఇంద్రనీలం, మహానీలం ఒకటేనని చాలామంది అనుకుంటారు. గరుడపురాణం వేరు చేసింది. లోపల ఇంద్రధనుస్సు కాంతి తోచేది ఇంద్రనీలం. తనకు నూరురెట్లున్న పాలలో వేసినా పాలన్నిటికీ నీలిఛాయ తెచ్చేది మహానీలం. ఇది చదివి గిన్నెలో పాలు పోసుకుని కూర్చోకండి! వన్నె గాఢతను చెప్పడానికి వాడిన మాట అది. దాంతో జాతిరాయి ఏదో, గాజుముక్క ఏదో తేలదు.

‘నీలం అందరికీ పడదు’ అనడం విజయనగరంలోనూ, మీ ఊళ్లోనూ వినిపించేదే. మందు పడలేదు, నీళ్లు పడలేదు అన్నప్పటి ‘పడు’ ఇది, సరిపడటం అని అర్థం. నమ్మకం ఎవరిష్టం వారిది, వాడుక మాత్రం చక్కని తెలుగు.

తెల్ల సఫైర్‌నూ, ఆకుపచ్చ సఫైర్‌నూ ఏమనాలని మీకు తోచవచ్చు. ఆకుపచ్చదాన్ని పచ్చ అంటే మరకతమని పొరబడతారు. అది వేరే రత్నం. ‘తెల్ల నీలం’ అన్నా పసుపు నీలం చిక్కే. ఈ రెండింటికీ సఫైర్ అన్న మాటనే ఉంచి, ముందు రంగు చేర్చి రాయండి.