సముద్రపు గోడలో జీవులకు చోటు

ప్రశ్న: తీరంలోని ఊళ్లను కాపాడే పాత రక్షణ గోడలు శిథిలమైనప్పుడు వాటి స్థానంలో కాంక్రీటు గోడలు కడితే సముద్ర జీవులకు నష్టం తప్పదని కొందరు, గోడ ముఖం గరుకుగా ఉంటే చాలునని మరికొందరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: మొదటి మాట చాలావరకు నిజం, రెండోది సగం నిజం. ఏటవాలుగా ఉన్న సహజ తీరంలో ఆటుపోట్లకు మునిగి తేలే నేల ఎన్నో మీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది. అదే చోట నిటారు గోడ నిలబెడితే ఆ నేల మీద బతికే నత్తలూ పీతలూ నాచులూ గోడ మీద ఒక సన్నని పట్టీలో సర్దుకోవలసి వస్తుంది. పైగా నున్నటి కాంక్రీటు మీద నీడా తేమా నిలవవు కాబట్టి, నీరు తీసినప్పుడు ఎండను తట్టుకోగల కొన్ని రకాలే అక్కడ మిగులుతాయి. గాడులూ, నీరు నిలిచే గుంతలూ ఈ రెండో లోటును కొంత పూడుస్తాయి గాని, పోయిన వెడల్పును తిరిగి తేలేవు.

అమెరికాలోని సియాటిల్ నగరం ఎలియట్ అఖాతం వెంట చేసిన పునర్నిర్మాణాన్ని చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. 1934 నాటికి పూర్తయిన అక్కడి పాత గోడకు ఆధారమైన కలపను గ్రిబుల్ అనే చిన్న సముద్ర జీవులు తొలిచేశాయి. 2001లో వచ్చిన నిస్క్వాలీ భూకంపంతో ఆ గోడ భద్రతపై ఆందోళన పెరిగింది. 2012లో ఓటర్లు 29 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించగా, 2013లో పని మొదలై, ప్రధాన భాగం 2017లో పూర్తయింది. డువామిష్ నది నుంచి సముద్రానికి వెళ్లే సాల్మన్ చేప పిల్లలు ఒడ్డు పక్కనే, లోతు తక్కువ నీటిలో ఈదుతూ, రేవు కట్టడాల చీకటి నీడ ఎదురైనప్పుడు దాని కిందికి వెళ్లడానికి వెనుకాడి, తమను తినే చేపలు తిరిగే లోతు నీటివైపు మళ్లుతాయి. అందువల్ల కొత్త గోడ అడుగున రాళ్లు నింపిన పరుపులు వేసి సముద్రపు నేలను ఎత్తు చేశారు, నీటి మీదికి చొచ్చుకొచ్చిన కాలిబాటలో వెలుతురు దిగే గాజు దిమ్మెలు అమర్చారు, గోడ ముఖానికి అరలూ గరుకు పలకలూ బిగించారు. ఈ పలకల నమూనాలను వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత గోడ మీదే ముందుగా పరీక్షించారు. ఫొటోల్లో అందరి కంటా పడేవి ఆ పలకలే అయినా, లోతునూ వెలుతురునూ సరిచేయడమే పెద్ద పని అని నా అభిప్రాయం. ఈ రెండూ నమూనా గీసే దశలోనే తేలాలి, గోడ లేచాక చేర్చగలిగేవి కావు.

గుంతలూ గాడులూ గోడను బలహీనపరుస్తాయన్న భయానికి కొంత ఆధారం ఉంది. ఉప్పునీరు లోపలి ఉక్కు కడ్డీలను చేరితే అవి తుప్పు పట్టి కాంక్రీటును పగలగొడతాయి కాబట్టి, కడ్డీల మీద ఉండవలసిన కాంక్రీటు మందాన్ని తగ్గించకుండా, ఆ ఆకృతులను అదనపు మందంలోనో, విడిగా బిగించే పలకల్లోనో మలచాలి. సిడ్నీలో 2018లో మొదలైన ‘లివింగ్ సీవాల్స్’ పథకం ఈ రెండో దారినే ఎంచుకుంది.

ప్రశ్న: గోడ బలంగా కడితే దాని ముందున్న ఇసుక తీరం కూడా నిలుస్తుందా?

జవాబు: నిలవకపోవచ్చు. గోడ కాపాడేది తన వెనుక ఉన్న నేలనే. తీరం క్రమంగా వెనక్కి జరుగుతున్న చోట గోడ కదలదు కాబట్టి, దాని ముందున్న ఇసుక నానాటికీ సన్నబడుతుంది. గోడను తాకి వెనక్కి మళ్లిన అలలు పునాది దగ్గర ఇసుకను తవ్వేస్తాయి, గోడ ముగిసే రెండు చివరల్లోనూ పొరుగు తీరం ఎక్కువగా కోసుకుపోతుంది. పునాది ముందు పెద్ద రాళ్లు పేర్చడమూ, వెనుక చేరే నీటి ఒత్తిడి తగ్గడానికి మట్టి జారిపోకుండా వడపోసే రంధ్రాలు ఉంచడమూ గోడకు అవసరమే అయినా, వాటివల్ల ఇసుక తిరిగి రాదు. వెనుక ఖాళీ స్థలం ఉంటే కొత్త గోడను పాత గోడ ఉన్న గీత మీదే కాకుండా కొన్ని మీటర్లు లోపలికి జరిపి కట్టడం ఇసుకకూ, దాని మీద ఆధారపడిన జీవులకూ చాలా మేలు చేస్తుంది. ఇళ్లూ రోడ్డూ గోడను ఆనుకునే ఉంటే ఆ అవకాశం ఉండదు. అప్పుడు బయటి నుంచి ఇసుక తెచ్చి పోయడానికి అయ్యే ఖర్చును కూడా, ఒక్కసారికే కాక మళ్లీ మళ్లీ అయ్యేదిగా, గోడ అంచనాలోనే చేర్చాలి.