గిటార్ మాస్టారు దొరకని చోట స్కేల్స్ ఎలా నేర్చుకోవాలి?

గిటార్ కొని కొన్ని నెలలైంది, విజయనగరంలో నేర్పేవాళ్లు దొరకలేదు, వీడియోలు చూసి పెంటాటోనిక్ బాక్సులు (ఐదు స్వరాల స్కేల్‌కి గిటార్ మెడ మీద వేళ్లు పెట్టే నమూనాలు) ఐదూ బట్టీ పట్టారు, అయినా ఒక్క పాట ముక్క సొంతంగా పలకడం లేదు, ఇంకా ఏయే స్కేల్స్ నేర్చుకోవాలి అని అడిగారు. ఇప్పుడప్పుడే కొత్తవేవీ వద్దండీ. నేనూ ఈ ఊళ్లోనే, మాస్టారు లేకుండానే మొదలుపెట్టాను. బాక్సులు కొన్నాళ్లు పక్కనపెట్టి, ఒకే తీగ మీద, నోటితో అంటూ వాయించండి.

నాకు ఈ దారి చూపింది మా పక్కింటి పిన్నిగారు. ఆవిడ గాత్రం నేర్చుకున్న మనిషి. గోడ అవతల నుంచి నా వాయింపు విని, "ముందు నోటితో అను బాబూ, నోట్లో పలకని స్వరం వేలికెలాగ వస్తాది?" అనేవారు. అప్పటి నుంచి నా సాధన ఇలా సాగింది.

మామూలు ట్యూనింగ్‌లో నాలుగో తీగ 'డి'. దాన్ని ఎక్కడా నొక్కకుండా మీటండి, అదే మీ షడ్జం, అంటే స. పక్కనున్న ఐదో తీగ 'ఏ', నొక్కకుండా మీటితే మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ప. మధ్యమధ్యలో దాన్ని మోగిస్తూ ఉంటే శ్రుతికి వేరే పెట్టె అక్కర్లేదు. ఇప్పుడు నాలుగో తీగ మీదే 2, 4, 5, 7, 9, 11, 12 ఫ్రెట్లు (మెడ మీది అడ్డ కడ్డీలు) వరసగా నొక్కుతూ సరిగమపదనిస అనండి. వీడియోల్లో మేజర్ స్కేల్ అనేది ఇదే, మనకి శంకరాభరణం స్వరాలు. గ నుంచి మ కీ, ని నుంచి పై స కీ ఒక్క ఫ్రెట్టే దూరం, మిగతా చోట్ల రెండేసి. బాక్సుల్లో వేళ్లు అటూ ఇటూ తీగలు మారుతుంటే ఈ దూరాలు తెలియవు. ఒకే తీగ మీదైతే చేయి జరిగినప్పుడల్లా కంటికీ చెవికీ తెలుస్తాయి. శ్రుతి గొంతుకి అందకపోతే కేపో (మెడకి బిగించే క్లిప్పు) పెట్టి పెంచుకోండి.

వేలు ఫ్రెట్ మీద కాదు, దానికి కాస్త వెనకాల ఆనించి నొక్కండి. లేకపోతే తీగ బరబరలాడుతుంది.

సరళీ వరసలు, జంట వరసలు ఈ తీగ మీదే వాయించండి. సస రిరి గగ మమ అనేటప్పుడు మొదటి స్వరానికి పిక్ కిందికి, రెండోదానికి పైకి. కుడిచేతికి ఇంతకంటే మంచి సాధన నాకు తెలీదు. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి దెబ్బకి ఒక స్వరం, కుదిరాక రెండు, ఆ తర్వాత నాలుగు.

తర్వాత 5, 11 ఫ్రెట్లు, అంటే మ, ని వదిలేయండి. మిగిలినవి సరిగపద, మోహన స్వరాలు. అదే మేజర్ పెంటాటోనిక్. ఇక్కడే మీ పాత బాక్సు పనికొస్తుంది. మొదటి బాక్సుని 7వ ఫ్రెట్ దగ్గర పెట్టండి. ఆరో తీగ మీద 10వ ఫ్రెట్ చిటికెన వేలితో నొక్కితే అది స. ఐదో తీగ మీద 7 రి, 9 గ. నాలుగో తీగ మీద 7 ప, 9 ద. మూడో తీగ మీద 7 పై స. అదే బాక్సులో ఆరో తీగ 7వ ఫ్రెట్‌ని స అనుకుని మొదలుపెడితే శుద్ధ ధన్యాసి స్వరాలు, అంటే మైనర్ పెంటాటోనిక్. ఫ్రెట్లు అవే, షడ్జం మారింది, మొత్తం భావమే మారిపోయింది. ఇది నా చెవికి మొదటిసారి అందినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను.

అయితే స్వరాలు పలికినంత మాత్రాన రాగం వచ్చినట్టు కాదు. గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం), సంచారాలు (రాగంలో స్వరాలు నడిచే తీరు) వేరే చదువు. దాని కోసం గాత్రం గానీ వీణ గానీ వయొలిన్ గానీ నేర్పే ఎవరి దగ్గరైనా గిటార్ పట్టుకెళ్లి కూర్చోండి. మొహమాటపడకండి. పరదేశపు వాయిద్యం మీద మన స్వరాలు పలికించడం ఈ ఊరికి కొత్త కాదు. 1919లో ఇక్కడ పెట్టిన మహారాజా సంగీత కళాశాలలోనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు.

మోహన గట్టిపడ్డాక మళ్లీ ఏడు స్వరాలకి వెళ్లి, 5వ ఫ్రెట్ బదులు 6 నొక్కి చూడండి. అవి కల్యాణి స్వరాలు.