గాయపడ్డ జవాన్లకు సాయం చేయాలంటే ఎవరికివ్వాలి? మా బావ సంగతి చెబుతాను

"గాయపడిన సైనికుల కోసం నెలనెలా కొంత పక్కన పెడదామనుకుంటున్నాను. ఎవరికిస్తే నిజంగా వాళ్లకు చేరుతుంది? పన్ను మినహాయింపు ఉంటుందా?" అని అడిగారు.

మాది జడ్చర్ల. మెడికల్ షాపు నడుపుతాను. మా అక్క మొగుడు ఆర్మీలో చేశాడు. కశ్మీర్‌లో కుప్వారా దగ్గర పెట్రోలింగ్‌కి పోయినప్పుడు మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఇప్పుడు కల్వకుర్తి వైపు సొంతూళ్లోనే ఉంటాడు, నాలుగెకరాలు చేసుకుంటాడు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు కొంచెం హక్కుంది. కొంచెం కోపం కూడా ఉంది, అదీ ముందే చెప్పేస్తున్నా.

మన దగ్గర జనం ఇవ్వరని కాదు, బాగానే ఇస్తారు. కాకపోతే ఆ డబ్బు చనిపోయినవాళ్ల పేరు మీదికి పోతుంది, లేదంటే ఫోటోలో బాగా పడే వస్తువు మీదికి పోతుంది. బతికి ఇంటికొచ్చినవాడికి ఆ తర్వాత నలభై ఏళ్లు నెలనెలా తగిలే ఖర్చుకి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

2020 జూన్‌లో లద్దాఖ్ సరిహద్దులో చైనా సైన్యంతో గల్వాన్ గొడవ జరిగింది. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అందులో ప్రాణం ఇచ్చాడు. రాష్ట్ర ప్రభుత్వం ఐదు కోట్లు ఇచ్చింది, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది, తర్వాత మహావీర చక్ర వచ్చింది, సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. ఎంత చేసినా తక్కువే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ రాత్రి మనవాళ్లు 20 మంది పోతే, గాయపడ్డవాళ్లు డెబ్బై మందికి పైనే అని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. వాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. నాకూ తెలియదు. వాళ్లలో ఎవరి చెయ్యి ఇప్పటికీ పైకి లేవడం లేదో, ఎవరికి చలికాలం వస్తే ఎముకలు గుచ్చుతాయో వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఇక మా బావ సన్మానం సంగతి.

ఒక ఏడాది ఆగస్టు పదిహేనుకు రెండు రోజుల ముందు ఒక సంఘం వాళ్లు ఊరికొచ్చి, ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టాం, తప్పకుండా రావాలన్నారు. సంఘం పేరు ఎందుకులెండి. అక్కకు ఇష్టం లేదు. "పిలిస్తే పోకపోతే, పింఛన్ వస్తుందని బలిసిందంటరు, పోతనే తీయ్" అని బావే మెడల్స్ తుడుచుకుని బయల్దేరాడు. నేను షాపు కుర్రాడికి అప్పజెప్పి వెంట పోయాను.

పది గంటలకన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండున్నర. ఈలోగా వచ్చిన ప్రతి పెద్దమనిషికీ స్టేజీ మీదున్నవాళ్లంతా లేచి నిలబడాలి. దండ వేసేటప్పుడు లేవాలి, పాట పాడేటప్పుడు లేవాలి. కుర్చీ చూస్తే చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ. కృత్రిమ కాలుతో అలాంటి కుర్చీలోంచి లేవడమంటే ఒంటి బరువంతా ఒక్క మోకాలి మీద పడుతుంది. చివరికి బావ కూర్చోవడం మానేసి నిలబడే ఉన్నాడు, కూర్చుని లేవడం కంటే అదే నయమని. కింద నుంచి చూస్తుంటే మనిషి బరువు కుడి కాలి మీదికి ఒరుగుతూ ఉంది. చొక్కా వెనక అంతా తడిసిపోయింది.

ప్రసంగాలయ్యాక ముందుకు పిలిచారు. ఫోటో తీసే పిల్లగాడు కెమెరా దించి, "అన్నా, జర ప్యాంటు పైకి లాగున్రి, కాలు కనబడ్తలేదు" అన్నాడు.

"పోయింది గాబట్టే కనబడ్తలేదు తమ్మీ" అన్నాడు బావ.

హాలంతా నవ్వింది. పిల్లగాడు నాలుక కరుచుకున్నాడు. వాడిని ఏమనలేం, చిన్నవాడు. కానీ పక్కనున్న అతిథిగారు నవ్వుకుంటూనే తానే వంగి బావ ప్యాంటు అంచు పట్టుకున్నాడు. బావ ఆ చెయ్యి పట్టి పైకి లేపి, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు గట్టిగా ఊపాడు. వదల్లేదు. ఫోటోగ్రాఫర్ క్లిక్కు కొట్టేదాకా ఊపుతూనే ఉన్నాడు. మర్నాడు పేపర్లో ఆ ఫోటోయే వచ్చింది. అతిథిగారి మొహం మాత్రం చూడాలి!

ఇచ్చింది ఏమిటయ్యా అంటే ఒక శాలువా, ఒక చక్రాల కుర్చీ, ఫ్లెక్సీ మీద వేసిన పెద్ద చెక్కు, అక్షరాలా యాభై వేల రూపాయలు. నడిచే మనిషికి చక్రాల కుర్చీ ఎందుకు? ఎవరూ అడగలేదు. ఆ కుర్చీ ఇప్పుడు నా షాపులో ఉంది, తుంటి విరిగిన ముసలివాళ్లకు అడిగితే ఇస్తుంటాను, కనీసం అలాగైనా పనికొస్తోంది. అసలు చెక్కు కోసం ఫోన్ చేస్తే "డోనర్లు ఇంకా కట్టలేదన్నా" అని చాలాకాలం నడిపించి, చివరికి సగం కూడా ఇవ్వలేదు. ఫ్లెక్సీ చెక్కు అక్క కోళ్ల గూటి మీద కప్పింది. వానకు చుక్క కారదు.

ఆ రాత్రి అక్క సెల్‌ఫోన్ లైటు వేసి మొండి కాలు చూసింది. ఎముక కొసన చర్మం ఎర్రగా కంది, రూపాయి బిళ్లంత బొబ్బ. నేనే మందు రాసి కట్టు కట్టాను. మానేదాకా కాలు తగిలించుకోవద్దు. చంక కర్రలతో పత్తి చేలో యూరియా ఏం చల్లుతాడు? ఆ పనికి కూలీలను పెట్టుకున్నారు. సన్మానానికి అయిన అసలు ఖర్చు అది.

జనానికి తెలియనిది ఇక్కడే ఉంది. మొండి కాలు ఎప్పుడూ ఒకే సైజులో ఉండదు. పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్, అంటే మొండి కాలు దూర్చే గిన్నె, సాయంత్రానికి వదులవుతుంది, సాక్సు మీద సాక్సు వేసుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ కండ కరిగిపోతుంది, అప్పుడు సాకెట్టే మార్చాలి. వదులైతే రాపిడి, రాపిడైతే పుండు, షుగర్ కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. లోపల వేసుకునే సిలికాన్ లైనర్ అరిగిపోతుంది, దాని ధర వేలల్లో ఉంటుంది. మే నెలలో మా పాలమూరు ఎండకు బావ వేపచెట్టు కింద కూర్చుని కాలు విప్పి, లైనర్ తిరగేసి చెమట ఒంపుతాడు. ధారగా కారుతుంది. ఇంటి ముందు తీగ మీద పిల్లల బట్టల పక్కన ఆ మందపాటి తెల్ల సాక్సులు ఎప్పుడూ ఆరుతుంటాయి. ఇన్నేళ్లలో ఎవరైనా దాత వచ్చి "అన్నా, సాక్సులు కొనిస్తా" అన్నాడా? అనడు. సాక్సులు ఫోటోలో ఏం బాగుంటాయి?

కాలు మాత్రం సైన్యమే ఇస్తుంది. పుణెలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో పెట్టింది. బావ కాలు అక్కడిదే, దానికి పైసా కట్టలేదు. కానీ అక్కడిదాకా పోవాలి కదా. ఊరి నుంచి బస్సు, సికింద్రాబాద్‌లో రైలు, పుణెలో ఆటో. కొలతలు తీసుకోవడం, తొడిగి నడిపించి చూడడం, మళ్లీ సరిచేయడం, అంతా అయ్యేదాకా ఉండాలి. తోడుగా అక్క వెళ్తే ఇక్కడ బర్రెలకు మనిషిని పెట్టాలి. ఈ ఖర్చు ఏ ఫ్లెక్సీ మీదా ఎక్కదు.

పొలానికి ఆయన దగ్గర ఇంకో కాలు ఉంది, జైపూర్ కాలు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేఠీ కలిసి తయారుచేసిన నమూనా. దాంతో చెప్పు లేకుండా బురదలో దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. మన పల్లెటూరి బతుక్కి ఈ రెండూ ఎంత అవసరమో వేరే చెప్పాలా? నన్నడిగితే పొద్దున కొలత, సాయంత్రం కాలు అని టౌన్లలో పెట్టే ఉచిత క్యాంపుల్లో సగం దండగ. సాకెట్ కరిస్తే మళ్లీ ఎవరి దగ్గరికి పోవాలో తెలియదు. అలా అటకెక్కిన కాళ్ల గురించి నా షాపు కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు విన్నానో. పంచినవాళ్లు ఏడాది తర్వాత ఒక్కసారి వచ్చి చూస్తే తెలుస్తుంది.

ఇంకో బాధ. బావ జడ్చర్ల వస్తే పలకరించేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది "ఈ నెల క్యాంటీన్ కోటా తెచ్చినవా?" అనే అడుగుతారు. మందు సీసా కోసం. కాలు ఎట్లుందని అడగరు.

సరే, మీ డబ్బు సంగతికి వస్తాను.

వాట్సాప్‌లో తిరిగే బ్యాంకు ఖాతా నంబరుకు మాత్రం వేయకండి. "సైన్యానికి ఆయుధాలు కొనడానికి ఖాతా తెరిచారు, రోజుకు ఒక్క రూపాయి వేయండి" అనే మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో రక్షణ శాఖే అది తప్పుదోవ పట్టించే మెసేజ్ అని చెప్పింది. అసలైన నిధి పేరు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బ్యాటిల్ క్యాజువల్టీస్ వెల్ఫేర్ ఫండ్. ఆపరేషన్లలో చనిపోయినవాళ్ల, తీవ్రంగా గాయపడ్డవాళ్ల కుటుంబాల కోసం. దీనికి విరాళాలు ఇవ్వడానికి 2022 అక్టోబరులో "మా భారతీ కే సపూత్" అని వెబ్‌సైటు పెట్టారు. అందులోకి నేరుగా పోయి కట్టండి. "భారత్ కే వీర్" అనేది వేరు. అది హోం శాఖది, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి బలగాల్లో అమరులైనవాళ్ల కుటుంబాల కోసం. మంచిదే, కానీ మీరడిగింది గాయపడ్డ సైనికుల గురించి.

రెండోది సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుపుతారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇస్తారు, గుర్తొచ్చిందా? మా చిన్నప్పుడు బళ్లో ఆ జెండా చేతిలో పెట్టి రూపాయి తెమ్మన్నారు, ఎందుకో మా సారు చెప్పలేదు. మొన్న మా పిల్లకూ అదే జరిగింది, రూపాయి కాస్తా పెరిగిందంతే. ఆ మూడు రంగులు మూడు దళాలవని, ఆ డబ్బుతో బీద మాజీ సైనికులకు వైద్యం, పిల్లల చదువులు, కూతుళ్ల పెళ్లిళ్లకు సాయం చేస్తారని, వికలాంగులైనవాళ్లకు కదలడానికి కావాల్సిన పరికరాలు కొనిస్తారని ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు. ఈ నిధికి డిసెంబరు దాకా ఆగక్కర్లేదు, ఎప్పుడైనా ఇవ్వొచ్చు. జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ ఆఫీసులోనూ కనుక్కోవచ్చు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. పుణె దగ్గర ఖడ్కీలో పారాప్లెజిక్ రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది, 1974 నుంచి. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయిన జవాన్లు ఉంటారక్కడ. ఇలాంటిదే మొహాలీలోనూ ఉంది. ఖడ్కీలోనే క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1917లో మొదటి ప్రపంచ యుద్ధపు క్షతగాత్రుల కోసం పెట్టారు, ఇప్పటికీ వికలాంగులైన సైనికులకు పని నేర్పుతోంది. ఇలాంటి చోట డబ్బు దుప్పట్లకు, మూత్రపు గొట్టాలకు, పుండ్లు పడకుండా వేసే పరుపులకు పోతుంది. మంచం మీద ఒకే వైపు పడుకుంటే గంటల్లో చర్మం కందిపోయే మనుషులు వాళ్లు. ఈ సరుకు అమ్మేవాణ్ని కాబట్టి నెలకు ఎంతవుతుందో నాకు తెలుసు. మీ నెలనెలా డబ్బు అక్కడికి పంపండి. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి మర్చిపోవడం కంటే, చిన్న మొత్తమైనా పదేళ్లు ఆగకుండా పంపండి.

గుర్తింపు విషయంలో మాత్రం వాళ్లకు ఎవరి మీదా ఆశలేం లేవు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో స్వర్ణం గెలిచాడు. పద్మశ్రీ ఎప్పుడిచ్చారో తెలుసా? 2018లో.

డబ్బు వీలు కాకపోతే కాగితాలు చూసిపెట్టండి. మీ ఊళ్లో మాజీ సైనికుడెవరైనా ఉంటే వెళ్లి కూర్చోండి. ఇప్పుడు పింఛనంతా స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చింది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆధార్‌లో ఒక పేరు, పింఛన్ కాగితంలో ఇంకో పేరు ఉంటే అదొక టెన్షన్. వైకల్యం ఎంత శాతమని మెడికల్ బోర్డు రాసింది, బ్యాటిల్ క్యాజువల్టీ (పోరులో తగిలిన గాయం) కింద రాసిందా, ఫిజికల్ క్యాజువల్టీ (పోరుతో సంబంధం లేనిది) కింద రాసిందా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. ఇంగ్లీషులో వచ్చిన ఆ ఉత్తరం చదివి చెప్పేవాడు లేక చాలామంది మూలన పడేస్తారు. బావ కాగితాలు నేను చూస్తాను. నాకైతే సన్మానం చేసినవాళ్ల కంటే నేనే ఎక్కువ చేశాననిపిస్తుంది, గొప్పలు అనుకుంటే అనుకోండి.

పన్ను సంగతి: పతాక దినోత్సవ నిధికి ఇచ్చినదానికి 80జీ అని పిలిచే విరాళాల మినహాయింపు ఉంది. కానీ మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జీ పనిచేయదు, పాతదానిలో ఉంటేనే. నగదుగా రెండు వేలకు మించి ఇస్తే ఆ విరాళానికి మినహాయింపు రాదు, కాబట్టి ఆన్‌లైన్‌లోనో చెక్కుతోనో కట్టండి. ట్రస్టులకైతే కట్టే ముందే 80జీ ఉందా అని అడిగి, పాన్ నంబరు ఇచ్చి రసీదు తీసుకోండి. మార్చి ఆఖరి వారం దాకా ఆగారంటే రసీదు కోసం ఫోన్లు చేయలేక చస్తారు.