అమెరికా ప్రతినిధుల సభలో హాంకాంగ్ హక్కుల బిల్లుకి 417 మంది సరే అంటే థామస్ మాసీ ఒక్కరే ఎందుకు వద్దన్నారు?

చైనా మీద ప్రేమతో అయితే కాదు. కెంటకీకి చెందిన ఈ రిపబ్లికన్ సభ్యుడి వాదన ఏంటంటే, అమెరికన్లమైన మనం వేరే దేశాల అంతర్గత విషయాల్లో వేలు పెడితే రేపు వాళ్లూ మన విషయాల్లో తలదూరుస్తారు. 2019 నవంబరులో ప్రతినిధుల సభలో వచ్చిన ఆ బిల్లు, హాంకాంగ్‌లో హక్కుల్ని కాలరాసిన అధికారులకు వీసా ఆపి, అమెరికాలో వాళ్లకున్న ఆస్తుల్ని స్తంభింపజేయమంటుంది. హాంకాంగ్‌కి తగినంత స్వయంప్రతిపత్తి ఉందో లేదో ఏటా తేల్చి చెప్పమని విదేశాంగ శాఖని కూడా అడుగుతుంది.

అదే రోజు ఇంకో బిల్లు కూడా వచ్చింది, హాంకాంగ్ పోలీసులకి బాష్పవాయువు, రబ్బరు బుల్లెట్లు అమ్మకూడదని. దానికి సభలో ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదు, అంటే మాసీ కూడా దాన్ని వ్యతిరేకించలేదు.

వేరే దేశాలకిచ్చే భద్రతా సాయం విషయంలోనూ ఆయనది ఇదే లైను. 2021లో ఇజ్రాయెల్ ఐరన్ డోమ్‌కి (రాకెట్లని గాల్లోనే కూల్చే రక్షణ వ్యవస్థ) 100 కోట్ల డాలర్లు ఇచ్చే బిల్లుని వ్యతిరేకించిన 9 మందిలో రిపబ్లికన్ ఆయన ఒక్కరే, 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ సాయానికీ నో అన్నారు. అంటే మిత్రదేశమా కాదా అని చూసి మాట మార్చే మనిషి కాదు, ఆ నిలకడని నేను నిజంగా గౌరవిస్తాను.

కానీ ఆంక్షల దగ్గర ఆయన లెక్క తప్పని నా అభిప్రాయం. డబ్బు, ఆయుధాలు పంపడం వేరు, జనాన్ని హింసించినవాడికి వీసా ఇవ్వకపోవడం వేరు. తన దేశంలోకి ఎవరిని రానివ్వాలో అమెరికా నిర్ణయించుకోవడం ఇంకొకరి వ్యవహారంలో జోక్యం ఎలా అవుతుంది?